నల్ల సీసా వాసన

బస్సు వంతెన ఎక్కుతుండగా సెంటక్క ముక్కుకి ఆ వాసన తగిలింది. కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతున్న మనిషి, ఎవరో భుజం తట్టినట్టు ఉలిక్కిపడి లేచింది. ముందు తన మణికట్టు ముక్కు దగ్గర పెట్టి చూసుకుంది. అబ్బే, అక్కడున్నది రోజూ ఉండే కాలిన చక్కెర వాసనే. ఇది వేరు. తడిసిన కట్టె మొద్దు, దాని మీద పాకిన పొగ, అట్టడుగున ఎక్కడో నారింజ తొక్క చేదు.

"నల్ల సీసా!" అంది పైకే.

పక్క సీట్లో పేపరు చదువుకుంటున్నాయన తననే అన్నదేమోనని ఓసారి తల తిప్పి చూసి, మళ్ళీ పేపర్లో మొహం దాచుకున్నాడు.

సెంటక్క అసలు పేరు తోటివాళ్ళలో ఎవరికీ గుర్తు లేదు. ఊరి నడిమధ్య ఉన్న నాలుగంతస్తుల పెద్ద కొట్టులో, తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే ఎదురుపడే అద్దాల బల్ల వెనక నిలబడి సెంట్లు అమ్మడం ఆమె పని. అక్కడ ఆమె వయసు కరిగిపోయింది. చెప్పుల మడమలు అరిగాయి, మోకాళ్ళు అరిగాయి, నవ్వు మాత్రం కొత్తగానే ఉంది, అది కంపెనీ సొత్తు కాబట్టి.

దేశాలు తిరిగినవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. ఊళ్ళని కళ్ళు మర్చిపోతాయి గాని ముక్కు మర్చిపోదంటారు. ఒక రేవు అంటే వాళ్ళకి తారు, నానిన తాళ్ళు. ఒక రైలు జంక్షను అంటే బొగ్గుపొడి, ఫినాయిలు. కానీ ఎలా ఉంటుందో చెప్పమంటే తడబడతారు. పుస్తకాలు రాసినవాళ్ళు మాత్రం ఏం చేశారు గనక! రంగులకి వందల పేర్లు పెట్టారు, రుచులకి ఆరు పేర్లు పెట్టారు, వాసన దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశారు. మంచిది, చెడ్డది, ఫలానా దాంట్లా ఉంది. అంతకు మించి మాట లేదు. అందుకే సెంటు అమ్మేవాళ్ళు సెంటు గురించి మాట్లాడరు. దాన్ని పూసుకునే మనిషి గురించి మాట్లాడతారు. ఇది సిగ్గరిది, ఇది అల్లరిది, ఇది పదిమందిలో ఉన్నా ఒంటరిది అని వరసపెట్టి చెబుతారు. కొనేవాళ్ళు తాము ఎవరో తెలుసుకోవడానికి డబ్బు కట్టి వెళతారు.

నల్ల సీసాకి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. బల్ల మీద అన్నిటికంటే ఖరీదైనది అదే. దాని గురించి సెంటక్క చెప్పే మాటలు ఆ అంతస్తులో అందరికీ కంఠతా వచ్చు. "ఇది వెనక్కి తిరిగి చూడని ఆడవాళ్ళది మేడమ్. వీళ్ళు గదిలోకి వస్తే గదే సర్దుకుంటుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోరు." అమ్మే సెంటు అమ్మేవాళ్ళ ఒంటి మీద ఉండి తీరాలని అక్కడ నియమం. పొద్దున తలుపులు తెరవక ముందే సూపర్‌వైజరు వచ్చి ఒక్కొక్కరి పక్కన నిలబడి గాలి పీల్చి చూసి మరీ వెళ్ళేవాడు. అలా తన జన్మలో కొనలేని సెంటు ఏళ్ళ తరబడి సెంటక్క ఒంటి మీద ఉండిపోయింది. చెప్పగా చెప్పగా ఆ మాటలు ఆమే నమ్మింది. వెన్ను నిటారుగా నిలబెట్టి నడిచేది.

ఆ తర్వాత కంపెనీ దాన్ని చెయ్యడం మానేసింది. ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు. సెంటక్కని పక్క బల్లకి మార్చారు. అక్కడ గులాబీరంగు డబ్బాలు, పాకం వాసన, కాలేజీ పిల్లల బేరాలు.

ఇప్పుడామె సీట్ల మీద చెయ్యి వేసుకుంటూ, కుదుపులకి తూలుతూ, ఒక్కో వరుసా పీల్చి చూసుకుంటూ వెనక్కి నడిచింది. చివరి నుంచి రెండో వరుసలో బూడిదరంగు శాలువా కప్పుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ పెట్టుకుని వేరుశనగలు ఒలుచుకు తింటూ, తొక్కలు కింద పడకుండా సంచీ పక్క జేబులో వేసుకుంటోంది.

నల్ల సీసా మనిషి తొక్కలు దాచుకోవడమా! సెంటక్కకి తాను చెప్పిన మాటలన్నీ ఒక్కసారి తిరగబడ్డట్టయింది. అయినా వాసన అక్కడి నుంచే.

"ఏమండీ, మీరు పూసుకున్నది నల్ల సీసానా?"

శాలువా ఆవిడ గుప్పిట్లోంచి గింజలు జారిపోయాయి. "నేనేం తియ్యలేదండీ! వాళ్ళ కోడలే పిలిచి ఇచ్చింది. కావాలంటే అడగండి!"

"అయ్యయ్యో, అందుక్కాదండీ. అదిప్పుడు ఎక్కడా దొరకట్లేదు. కాస్త జరగండి, కూర్చుంటాను."

శాలువా ఆవిడ కాస్త కాదు, కిటికీకి అతుక్కుపోయేంత జరిగింది. భయం తీరాక ఇక మాటకి అడ్డు లేదు. మంచాన పడ్డ ముసలివాళ్ళని చూసుకోవడం ఆవిడ పని. ఇన్నాళ్ళు ఒక గొప్పింటి పెద్దావిడ దగ్గర చేసింది. ఆ పెద్దావిడ పోయింది, ఇప్పుడు ఇంకో ఇంటికి పనికి వెళుతోంది.

"మహా గట్టి మనిషండీ ఆవిడ. నిప్పు. కాలు కదపలేకపోయినా ఇల్లంతా గడగడలాడేది. స్నానం చేయించాక చెవుల వెనక ఈ సెంటు రాయాలి. మర్చిపోయానా, ఆ పూట నాకు మూడిందే! చివర్లో మనుషుల్ని పోల్చుకోలేకపోయింది పాపం. నన్ను ఓరోజు చెల్లెలనేది, ఓరోజు వంటమనిషనేది, ఓసారైతే వాళ్ళాయన్ననుకుంది!"

"మరి మీరేం చేశారు?"

"పలికాను. 'ఇంత ఆలస్యమైందేం' అని కసిరింది. 'పనుందే' అన్నాను." శాలువా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా పనిలో మొదట నేర్పేది అదేనండీ. కాదు అనకూడదు. కాదంటే బెంబేలెత్తిపోతారు. ఎవరనుకుంటే వాళ్ళం అయిపోవాలి."

"సీసాలో ఇంకా ఉందా?"

"ఎక్కడిదండీ! కొత్త ఇల్లు కదా, మంచి వాసనొస్తే మంచిమనిషి అనుకుంటారని పొద్దున అడుగంటా దులిపేసుకున్నాను. ఎక్కువైందా?"

సెంటక్క కళ్ళు మూసుకుంది. "మా ఇంటికోసారి వస్తారా?" అంది. అడిగాక తనకే సిగ్గేసింది. "మా తమ్ముడి ఇల్లు. అక్కడికే వెళుతున్నాను, వచ్చే స్టాపే. మా అమ్మ అక్కడే ఉంటుంది. కళ్ళు ముందే పోయాయి. ఇప్పుడు జ్ఞాపకమూ పోతోంది. నన్ను ఈ వాసనతోనే గుర్తుపట్టేది. మిగిలిన కాసిని చుక్కలూ దాచి దాచి, ఇంటికొచ్చిన రోజే రాసుకునేదాన్ని. అవీ అయిపోయాయి. అప్పట్నుంచి నన్ను ఎవరో అనుకుంటోందండీ. మేడమ్ అంటుంది."

"అయ్యో, ఈ శాలువా కప్పుకెళ్ళండి పోనీ!"

"నా ఒళ్ళంతా కొట్టులో అమ్మే పాకం సెంటేగా. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ చెడతాయి. మీరొచ్చి గదిలో ఓ మూల కూర్చుంటే చాలు. వాసన గదంతా పరుచుకుంటుంది. నేను ఎదురుగా కూర్చుంటాను. ఒక్క మాట చెప్పాలి అమ్మకి. ఎప్పుడో చెప్పాల్సింది."

శాలువా ఆవిడ సంచీ మూతి బిగించి లేచి నిలబడింది. కాదనడం అలవాటు తప్పిన మనిషి.

ఆ ఒక్క మాట ఏమిటో చెప్పాలంటే, తల్లి పని గురించి చెప్పాలి. చేపలు కోసి శుభ్రం చేసి ఐసులో సర్దే షెడ్డులో పని చేస్తూ ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచింది. భర్త, పిల్లల చిన్నతనంలోనే పోయాడు. ఇంటికొచ్చి నిమ్మచెక్కతో గోళ్ళు తోముకునేది, సబ్బు అరిగిపోయేది, కంపు మాత్రం పోయేది కాదు. అది చేతుల్లోంచి దుప్పట్లలోకి, దుప్పట్లలోంచి పిల్లల జుట్టులోకి ఎక్కేది. బళ్ళో పిల్ల పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకడు రోజూ ముక్కు మూసుకుని మ్యావ్ అనేవాడు. మనిషి ఏ పనిలోకి వెళతాడన్నది తెలివితేటల మీద ఆధారపడుతుందని పెద్దలు రాస్తారు. చాలాసార్లు అది మ్యావ్ అన్నవాడి మీద ఆధారపడుతుంది.

సెంటక్క కొట్టులో చేరిన కొత్తలో ఒకరోజు అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చింది. అప్పుడే పని దిగిన తల్లి, పిల్ల ఆకలితో నిలబడి ఉంటుందని, రబ్బరు బూట్లు కూడా విప్పకుండా డబ్బా పట్టుకుని నేరుగా కొట్టుకొచ్చింది. బల్ల దగ్గర ఇద్దరు గొప్పింటి ఆడవాళ్ళు బేరంలో ఉన్నారు. సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు. చేపల కంపు తలుపు దగ్గర్నుంచే ముందు నడిచి వచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఒకామె జేబురుమాలు తీసింది.

సెంటక్క తల్లిని చూసింది. నవ్వింది, కంపెనీ నవ్వు. నల్ల సీసా చల్లిన కాగితం ముక్క ఒకటి ముందుకి చాపి, "నమస్తే మేడమ్, కొత్తగా వచ్చిందండీ. చూస్తారా?" అంది.

తల్లికి అర్థం కావడానికి రెప్పపాటు పట్టింది. అర్థమయ్యాక ఆవిడా తక్కువ తినలేదు. కాగితం అందుకుంది. "బాగుందండీ. మాలాంటివాళ్ళకి ఎందుకు లెండి," అని కూతుర్ని అండీ అని పిలిచి, డబ్బా అలాగే చంకలో పెట్టుకుని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంటికెళితే అన్నం వేడి చేసి పెట్టింది. ఆ సంగతి ఎత్తలేదు. సెంటక్కా ఎత్తలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు చెప్పనిది ఆ తర్వాత చెప్పడం మరీ కష్టం. తల్లి షెడ్డు మానేసింది, తమ్ముడికి లిఫ్టులు బాగుచేసే పని దొరికింది, పెళ్ళయింది. సెంటక్క కొట్టు దగ్గర గది తీసుకుంది, పెళ్ళి ఊసెత్తితే నవ్వేసి ఊరుకుంది. సెలవు రోజున తల్లిని చూడ్డానికి వచ్చి వెళ్ళేది. గడపలో కాలు పెట్టగానే, "వచ్చావా అమ్మాయ్" అనేది తల్లి, తలెత్తకుండానే. ప్రతిసారీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. కళ్ళు పోయినప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే, వినాల్సిన మనిషి దగ్గర తాను ఎవరో కాకుండా పోయింది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన తమ్ముడి ఇల్లు. ముందు గది నిండా గుడ్డే. తమ్ముడి భార్య కుట్టుమిషను మీద హోటళ్ళకి కిటికీ తెరలు కుడుతుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని తల ఎత్తింది.

"రా వదినా! అబ్బ, ఇవాళ నీ పాత వాసనొస్తోందే! ఎక్కడ దొరికింది సీసా?"

"ఇదిగో," అని సెంటక్క వెనకున్న శాలువా ఆవిణ్ణి చూపించింది.

"నీ సీసాకి కాళ్ళొచ్చాయా!" మరదలు పకపకా నవ్వి, గుడ్డ పక్కకి లాగి కుర్చీ చూపించింది. సంగతంతా విన్నాక నవ్వు ఆపేసింది. "వెళ్ళండి, లోపలే ఉంది. ఇవాళ కాస్త హుషారుగానే ఉంది. పొద్దున నన్ను షెడ్డు మేస్త్రీ అనుకుని, ఐసు చాల్లేదని చెడామడా తిట్టింది. తెప్పిస్తానని ఒప్పుకున్నాను. నాకు జీతం పెరిగిందో లేదో మీ తమ్ముణ్ణి అడగాలి."

"మీరు వెళ్ళి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోండి," అంది సెంటక్క శాలువా ఆవిడతో. "ఏం మాట్లాడొద్దు. నేను ఈ పాకం కడుక్కుని వచ్చేస్తా."

అదీ ఆమె చేసిన పొరపాటు. కొట్టులో అలా నేర్పారు మరి. పాతది పూర్తిగా కడిగితే గాని కొత్తది పట్టదు. స్నానాలగదిలోకి వెళ్ళి చేతులు మోచేతులదాకా రుద్దుకుంది, మెడ రుద్దుకుంది, చెవుల వెనక రుద్దుకుంది. తల్లి గోళ్ళు తోముకున్నట్టే తోముకుంది. అద్దంలో మొహం చూసుకుంటూ మాట సరిచూసుకుంది. "తప్పు నాది అమ్మా. ఆ రోజు నిన్ను మేడమ్ అన్నాను." అంతే. అంతకంటే పెద్ద మాట కాదు. రెండోసారీ అనుకుంది. మళ్ళీ మొహం కడుక్కుంది.

తుడుచుకోకుండానే గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల మాటలు వినబడుతున్నాయి.

శాలువా ఆవిడ స్టూలు మీద లేదు. మంచం మీద ఉంది. తల్లి ఆమె చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని, మణికట్టు ముక్కుకి ఆనించుకుని ఉంది. చూపు లేని కళ్ళ నుంచి నీళ్ళు ధారకట్టాయి.

"ఇన్నాళ్ళు రాలేదేమే? నా మీద కోపం పోలేదు కదూ," అంటోంది తల్లి. "ఆ రోజు నేను రాకుండా ఉండాల్సింది. స్నానమన్నా చెయ్యకుండా, ఆ బూట్లతో వచ్చేశాను. నీకు ఆకలేస్తుందన్నదే గాని నా ఒళ్ళు నాకు గుర్తులేదు. నీవాళ్ళందరి ముందూ నీకు తల కొట్టేసినంత పని చేశాను."

శాలువా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. మాట్లాడొద్దన్నారు. కానీ ఆ ముసలి చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"నువ్విచ్చిన కాగితం ముక్క దిండు కింద పెట్టుకున్నాను. వాసన పోయినా తియ్యబుద్ధి కాలేదు. అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. నన్ను క్షమిస్తావే?"

మంచాన పడ్డవాళ్ళకి కాదు అనకూడదు. శాలువా ఆవిడ తనకి తెలిసిన పనే చేసింది. తల్లి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. "పోనీలేమ్మా. నేనెప్పుడో మర్చిపోయాను," అంది. "నువ్వు మనసులో పెట్టుకోకు. క్షమించేశాను."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

తల్లి ఊపిరి వదిలింది. ఎన్నేళ్ళ ఊపిరో అది. మొహంలో ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి, ఇస్త్రీ చేసిన గుడ్డలా. ఆ మొహంలో అంత నెమ్మది సెంటక్క తన జన్మలో చూడలేదు.

గుమ్మంలో నిలబడ్డ మనిషి నోట్లో మాట అలాగే ఉంది. తప్పు నాది. లోపలికి వెళ్ళి చెప్పొచ్చు. ఎవరిగా చెప్పాలి? తల్లి చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగింది, దాన్ని ఎవరో క్షమించారు, ఆమె సుఖంగా ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ సుఖం కాస్తా చేజేతులా లాక్కున్నట్టే.

మోచేతి నుంచి నీటి చుక్క నేల మీద పడింది. తల్లి చెవి ఇటు తిరిగింది.

"ఎవరూ? ఓ, మీరా మేడమ్! రండి రండి. నేను చెబుతూ ఉంటానే, మా అమ్మాయి పెద్ద కొట్టులో పని చేస్తుందని. ఇదిగో, వచ్చింది. మీరెప్పుడూ చూళ్ళేదు కదూ."

శాలువా ఆవిడ బిక్కచచ్చిపోయి సెంటక్క వైపు చూసింది. లేవబోయింది. తల్లి చెయ్యి వదల్లేదు. సెంటక్క వేలు పెదవుల మీద పెట్టుకుని, కూర్చోమన్నట్టు తలూపింది.

"చాలా సంతోషమండీ," అంది. కొట్టులో గొంతు అది. ఎక్కడా వణకలేదు. "మీ అమ్మాయి నెమ్మదైన మనిషిలా ఉంది."

"నెమ్మదా!" తల్లి నవ్వింది. "మొండిఘటం మేడమ్! చిన్నప్పట్నుంచీ ముందుకే గాని వెనక్కి చూసే రకం కాదు. చూడకూడదు కూడా. వెనకాల ఏముంది, నా చేపల కంపు తప్ప. కూర్చోండి, నిలబడిపోయారేం?"

సెంటక్క కూర్చోలేదు. తెరల గుడ్డ దాటుకుని, వంటగదిలో గిన్నెల చప్పుడు దాటుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని మెట్లు దిగింది. కింద సైకిలు కొట్టతను చక్రం తిప్పి వంకర చూసుకుంటున్నాడు. రబ్బరు, నూనె వాసన. ఆమెకి ఆ వాసన కూడా సరిగా అందలేదు.

పైన కిటికీ రెక్క తెరుచుకుంది.

"వదినా! టీ పెట్టాను! వెళ్ళొస్తానని ఒక్క ముక్కన్నా చెప్పకుండా అలా పోతావేంటి? వదినా!"

సబ్బు నీళ్ళు మోచేతుల మీద చల్లబడుతున్నాయి. చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, ఎవరివో మోసుకెళుతున్నట్టు, సెంటక్క బస్‌స్టాపు దాటి కూడా నడుస్తూనే ఉంది.